గాలికి మైల లేదు

గోరంట్ల మండలం,
27-12-2009, ఆదివారం.

చి. సౌ. ఆంజినమ్మకు మారెప్ప దీవించి రాసేది.

ప్రతి జాబులోనూ ఇక్కడ అందరం క్షేమం అని ఒక్క మాటతో ముగించేవాణ్ణి. ఈసారి విడివిడిగా రాస్తాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు తప్ప వేరే ఇబ్బంది లేదు. గొర్రెల్లో రోగం లేదు. మన జయంతి లేచి తిరుగుతోంది, పెట్టింది తింటోంది. నేను బాగానే ఉన్నాను. మేడమ్ ఇంట్లో మెట్లు కడిగి కడిగి నీకు వచ్చిన నడుము నొప్పి తగ్గిందో లేదో రాయి.

ఈ జాబు పోస్టులో వేయడం లేదు. కదిరి పక్క లక్ష్మన్న, మీ కువైట్‌లోనే నీళ్ల లారీ నడిపేవాడు, సెలవు అయిపోయి మంగళవారం విమానం ఎక్కుతున్నాడు. అతని చేతికి ఇస్తున్నాను. మేడమ్ ఇంటి గుమ్మంలో ఇవ్వొద్దు, శుక్రవారం సెలవు పూట బయట ఇవ్వమని చెప్పాను. ఎక్కడైనా నీడన కూర్చుని చదువు. నిలబడి చదవొద్దు.

నీ జాబు పోయిన సోమవారం అందింది. వానల సంగతి అడిగావు. వేరుశెనగ విత్తనం వేసినప్పుడు చినుకు లేదు, కాయ పీకేటప్పుడు పడింది. చెట్టుకు నాలుగు కాయలుంటే రెండు లొట్ట. ఎండిన కట్టె మాత్రం గొర్రెలకు పనికొచ్చింది. మన ఇంటి పాల కేంద్రం ఎట్లా నడుస్తోందని అడిగావు, అది తర్వాత రాస్తాను. బిడ్డ ఎవరి పోలిక అని అడిగావు. అదీ రాస్తాను.

ఆ కింద నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. "జయంతిని, బిడ్డను ఎనక గదిలో పెట్టినానంటివి. ఫోను పాల గదిలో ఉండాది. రెండింటికీ నడాన ఒక్క గోడ. దానికి బెజ్జం కొట్టి వైరు లాగితే అయిపోయేదానికి వైరు లేని నెట్టు డబ్బా ఎందుకు కొంటాండావు? నాకు సరిగ్గా రాయి" అన్నావు. ఐదో తరగతితో బడి మానేసినా నువ్వు నన్ను ఎప్పుడూ ఇట్లాంటి చోటే పట్టుకుంటావు.

వెనక గది అన్నది అబద్ధం. జయంతిని కంచె బయట గుడిసెలోనే ఉంచాను. వైరు లేని డబ్బా అందుకే కావాల్సి వచ్చింది.

కువైట్ పోయే ముందు నువ్వు నా చేత మాట తీసుకున్నావు. మన దొడ్డి ఇళ్లల్లో అందరి ఆడపిల్లలూ పురిటికి నలభై దినాలు కంచె బయట ఉన్నా, జయంతిని మాత్రం పంపొద్దు, నేను పడింది చాలు అన్నావు. నేను సరేనన్నాను. ఆ మాట మీదే ఉండాలని ఆసుపత్రి నుంచి ఆటోను నేరుగా ఇంటి దగ్గరికి పోనిమ్మన్నాను. కంచె తడిక దగ్గర లింగప్ప మామ, ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. దేవుని గుడి తాళం ఆయన దగ్గరుంటుంది కాబట్టి దొడ్డిలో ఆయన మాటే మాట అని నీకు తెలుసు.

"ఏమప్పా మారెప్పా, ఆటో దావ తప్పినట్లుండాదే?" అన్నాడు.

"చలికాలం మామా. బిడ్డ సన్నంగా ఉండాది."

"మాయమ్మ నన్ను పుష్యమాసంలో కనిందంట ఆ గుడిసెలో. నేను సచ్చినానా? డెబ్బై ఏండ్లుగా మీ నెత్తిన కూర్చోలేదా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మళ్లీ ఆయనే నెమ్మదిగా, "నీ ఇల్లు, నీ ఇష్టం. మైల ఇంట్లో పెట్టుకున్నోని క్యాన్లో పాలు పోసేదెవురో సూసుకో. గొర్రెలు పడిపోతే మాత్రం నా కాడికి రావద్దు" అన్నాడు.

నేను ఆటో డ్రైవర్ ముఖం వైపు చూశాను. ఏం చూశానో నాకే తెలియదు. ఇంతలో జయంతి బిడ్డను ఎత్తుకుని తనే దిగింది. "తగువెందుకు నాయనా. అమ్మ ఉండలేదా నన్ను కని. నలబై దినాలే గదా" అంది. నేను మూట తీసి గుడిసె ముందర పెట్టి వెనక్కి వచ్చాను. ఆ సాయంత్రమే నీకు వెనక గది అని జాబు రాశాను.

నీకు బిడ్డను చూపిస్తానన్న మాటన్నా నిలబెట్టుకోవాలని గట్టిగా అనుకున్నాను. జయంతికి ఏడో నెల పడ్డప్పుడు ఫోన్‌లో నువ్వన్నది మరవలేదు. "పాప పెండ్లి ఫోటోల్లో చూస్తిని. దాని బిడ్డనన్నా కదలతా ఉండంగా చూస్తా. అంతకంటే ఏమీ అడగను" అన్నావు. అప్పుడే టెలిఫోన్ ఆఫీసుకు అర్జీ పెట్టి పాల గదిలోని ఫోన్‌కు నెట్ పెట్టించాను. మన అల్లుడు గంగాధర్ బెంగళూరులో కారు నడిపే ఇంటివాళ్లు కొత్తది కొనుక్కుని పాత ల్యాప్‌టాప్ ఇతనికి ఇచ్చారు. దాని నుదుటి మీద చిన్న కెమెరా ఉంది. బ్యాటరీతో గంటన్నర నడుస్తుంది. గుడిసెకు కరెంటు లేకపోయినా ఇబ్బంది లేదనుకున్నాను.

పాల గది కిటికీకి, గుడిసెకు ఎనభై అడుగులు. మొదట వంద అడుగుల నీలం వైరు తెచ్చి కంచె మీదుగా లాగాను. సగం లాగేసరికి లింగప్ప మామ చేతికర్ర పట్టుకుని వచ్చాడు.

"ఇదేమప్పా?"

"నెట్టు వైరు మామా. ఆంజినమ్మకు బిడ్డను చూపించల్ల."

"ఒక కొస బాలింత కాడ, ఇంగో కొస నీ ఇంట్లో. అంటే నువ్వు దాని చెయ్యి పట్టుకున్నట్లే గదా. తాడు పట్టుకుంటే తాకుడు గాని, తీగ పట్టుకుంటే కాదా?"

మన కట్టు నీకు చెప్పనక్కర లేదు. బాలింతకు అన్నం కూడా పైనుంచి విస్తరిలో వదులుతాం. ఒకే తాడుకు కట్టిన మేకను ఆమె ఒక పక్క, మనం ఒక పక్క పట్టుకోం. వైరు చుట్టుకుంటూ, "మరి తీగ లేకుండా గాల్లో వస్తే?" అన్నాను.

"గాల్లో ఏమొస్తాది?"

"బొమ్మ మామా. మాటా వస్తాది."

"నీ సెల్లుకు వస్తాండాదే, అట్లానా?"

"అట్లే."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించాడు. "గాలి నన్నూ తగుల్తాది, దాన్నీ తగుల్తాది. గాలికి మైల లేదు. తెచ్చుకో" అన్నాడు. నాలుగడుగులు పోయి మళ్లీ తిరిగాడు. "ఆ బొమ్మ పెట్టె మళ్లా ఇంటికి వస్తాదా? పసుపు నీళ్లు సల్లి తీసుకో."

"నీళ్లు పడితే సచ్చిపోతాది మామా అది."

"అట్లైతే ఒక దినం ఎండలో పెట్టు. సూర్యుని కంటే బాగా కడిగేటోడు ఎవురుండారు?"

గుడిసెలోంచి జయంతి నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరికీ కోపం రాకుండా దారి దొరికిందని నాకు చాలా సంతోషమయింది, ఆంజినమ్మా. ఆ దినం నుంచి నా బుద్ధి అంతా ఆ డబ్బా మీదే ఉండిపోయింది.

మొదట గోరంట్లలో సెల్‌ఫోన్ల అంగట్లో అన్నిటికంటే చవకది తెచ్చాను. దాని మీద పేరు కూడా సరిగ్గా లేదు. ఒకటే కొమ్ము, అదే యాంటెన్నా. పాల గదిలో పెట్టి, ల్యాప్‌టాప్ రెండు చేతుల్లో పట్టుకుని తెర మీద సిగ్నల్ గీతలు చూసుకుంటూ గుడిసె వైపు నడిచాను. గొర్రెల తొట్టి దాకా గీతలున్నాయి. తొట్టి దాటితే ఒక్కటీ లేదు. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు తిరుగుతుంటే బయమ్మ అత్త తన ఇంటి అరుగు మీద నుంచి, "ఏం మారెప్పా, నీళ్లు పడే తావు సూస్తాండావా? అరచేతిలో టెంకాయ పెట్టుకోల్ల గాని పుస్తకం పెట్టుకుంటే యాడ పడతాయి?" అంది. దొడ్డంతా నవ్వింది. ఆ డబ్బాను మర్నాడే తిప్పి ఇచ్చేశాను.

తర్వాత హిందూపురం పోయాను. బస్టాండు వెనక దివాకర్ అని ఒకతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాల కేంద్రం బిల్లుల మిషన్ అతని దగ్గరే బాగుచేయించేవాణ్ణి. నిదానస్తుడు.

"ఇంటికా అన్నా, ఆఫీసుకా?" అన్నాడు.

"ఇంటికే."

"ఎన్ని గదులు?"

"గదులు కాదప్పా. ఎనభై అడుగుల దూరం. నడాన రెండడుగుల రాతి గోడ, ముండ్ల కంచె, ఆపక్క మట్టి గోడ."

"పశువుల కొట్టంలో కూర్చొని నెట్టు సూస్తారా ఏమి?"

అవునన్నాను. గుడిసె అని, అందులో నా కూతురుందని చెప్పడానికి నోరు రాలేదు.

అతను చెప్పినవన్నీ చీటీ మీద రాసుకున్నాను. డబ్బా మీద రాసిన దూరం ఏ అడ్డూ లేని మైదానంలో కొలిచింది, అందులో మూడో వంతే నమ్మాలి. రాతి గోడ అన్నిటికంటే చెడ్డది. కొమ్ములు రెండుండాలి, అవి తిప్పడానికి రావాలి. మూడేళ్ల గ్యారంటీ ఉందంటే సరిపోదు, చెడిపోతే మార్చేది ఇక్కడా బెంగళూరులోనా అని అడగాలి. "మన కరెంటుకు ముందు సచ్చేది డబ్బా కాదన్నా, దాని చార్జరు. అది ఈడ దొరికేదే తీసుకో. మరీ చవకది వద్దు, ఎక్కువ పెట్టి కూడా కొనొద్దు. రెండు రకాలు ఎత్తుకుపో, మీ గోడకు ఏది పనికొస్తే అది పెట్టుకో, రెండోది తెచ్చియ్యి" అన్నాడు. అతనికి నా మీద అంత నమ్మకం.

పొట్టేలును కొనేటప్పుడు పళ్లు చూసి, నడుము తట్టి, పది సంతలు తిరిగే మనిషిని నేను. ఆ డబ్బా కూడా అట్లాగే కొన్నాను. బడి మాస్టారును అడిగాను, బ్యాంకులో అడిగాను. రెండూ పన్నెండో తేదీకి తేలిపోయాయి, వాటి సిగ్నల్ కంచె దాటలేదు. వాటిని ఇచ్చేసి వేరే రకం తెద్దామంటే రాష్ట్రం విడదీయొద్దని బందులు మొదలయ్యాయి. బస్సులు లేవు, హిందూపురంలో అంగళ్లు తీయలేదు. ఆరు దినాలు అట్లా పోయాయి.

ఆ ఆరు దినాలూ పొద్దున పూట మంచు తొమ్మిది గంటల దాకా వదలలేదు. జయంతి కంచె దగ్గరికి వచ్చి, "పొద్దున్నే బిడ్డ కాళ్లు సల్లగా ఉంటాండాయి నాయనా" అనేది. నేను గొంగళ్లు వేశాను, కుంపటికి బొగ్గులు వేశాను. నర్సమ్మ రెండుసార్లు వచ్చింది. రెండోసారి కంచె ఇవతలికి వచ్చి నా ముందర నిలబడింది. "బిడ్డను ఇంట్లో, గాలి రాని గదిలో పెట్టుకోండి. మళ్లీ మళ్లీ చెప్పించుకోవద్దు" అంది. అట్లే మేడమ్ అన్నాను. అన్న తర్వాత పాల గదిలోకి పోయి డబ్బా కొమ్ములు తిప్పుకుంటూ కూర్చున్నాను.

పోయిన జాబులో బిడ్డ మూడు కేజీలుందని రాశాను. అదీ అబద్ధమే. రెండు కేజీలకు వంద గ్రాములు తక్కువ. నువ్వు దిగులు పడతావని రాయలేదు అని చెప్పుకోవచ్చు గాని, అది కాదు. బరువు తెలిస్తే నువ్వు ఆ దినమే ఫోన్ చేసి, యాడ పెట్టినావు అని అడుగుతావని రాయలేదు.

పద్దెనిమిదో తేదీ బస్సులు తిరిగాయి. దివాకర్ దగ్గర మూడో రకం తెచ్చాను. పందొమ్మిది, శనివారం మధ్యాహ్నం దాన్ని పాల గదిలో కిటికీ పైన గూట్లో పెట్టాను. స్టీలు క్యాన్లు అడ్డం లేకుండా అవతలి గోడకు జరిపాను. ల్యాప్‌టాప్‌ను గుడిసె గడప ముందు పెట్టి దూరం జరిగితే జయంతి తీసుకుంది. రెండు గీతలు వచ్చాయి. గంగాధర్ అక్కడ బెంగళూరులో నెట్ సెంటరులో కూర్చుని నాకు సెల్‌లో మాట్లాడుతున్నాడు.

"కనపడతాండాది మామా. జయంతీ, బిడ్డను దగ్గరికి పట్టు" అన్నాడు. వాడి గొంతులో నవ్వు తెలుస్తోంది. వాడూ ఆ బిడ్డను పుట్టిన దినం ఆసుపత్రిలో చూడ్డమే. తర్వాత, "మామా, బిడ్డ పెదాలు నీలంగా ఉండాయే" అన్నాడు.

"అది సిగ్నల్ తక్కువైనందుకప్పా. రెండు గీతలే వస్తాండాయి. స్పీడు లేకుంటే రంగులు తేడా వస్తాయని దివాకర్ చెప్పినాడు" అన్నాను.

దివాకర్ అట్లా చెప్పలేదు. స్పీడు లేకుంటే బొమ్మ ఆగి ఆగి వస్తుందని చెప్పాడు. రంగుల మాట నేను కలిపాను. కలుపుతున్నానని కూడా నాకు అప్పుడు తెలియలేదు.

"ఒకసారి పోయి సూడు మామా" అన్నాడు వాడు.

కంచె దగ్గరికి పోయాను. గుడిసె గడపకు పదడుగుల ఇవతల నిలబడ్డాను. లోపల చీకటి. గొంగడి తప్ప ఏమీ కనపడలేదు.

"బిడ్డ ఎట్లుండాదమ్మా?"

"నిద్రపోతాండాది నాయనా. పొద్దుట్నుంచి పాలు సరిగా పట్టలేదు. లేపితే కండ్లు తెరవదు."

"నిద్రపోనీలే. పసిపిల్లలకు నిద్రే బలం" అన్నాను.

పదడుగులు, ఆంజినమ్మా. అవి దాటి పోయి గొంగడి తీసి చూసి ఉంటే సరిపోయేది. నేను వెనక్కి వచ్చి నిచ్చెన వేసుకుని గూటి దాకా ఎక్కాను. కొమ్ములు ఒకటి నిలువుగా, ఒకటి పక్కకు తిప్పుతూ పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. మూడో గీత వచ్చింది. మన బోరులో నీళ్లు పడిన దినం కూడా నాకు అంత సంతోషం లేదు. గంగాధర్‌కు ఫోన్ చేసి, ఇక రంగులు సరిగ్గా వస్తాయని చెప్పాను.

మర్నాడు పొద్దున పాలు పోసేవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. జయంతి బిడ్డను ఎత్తుకుని కంచె దాటి నేరుగా పాల గది ముందుకు వచ్చింది. వరుస రెండుగా చీలింది. ఆమె ఏడవలేదు. "నాయనా, ఇది లేయడంలేదు" అంది. చేతులు చాచి నాకు ఇచ్చింది. ఇరవై రెండు దినాల్లో నేను ఆ బిడ్డను ఎత్తుకోవడం అదే మొదటిసారి.

బండి మీద జయంతి వెనక కూర్చుని బిడ్డను పట్టుకుంది. గోరంట్ల ఆసుపత్రిలో డాక్టరు గుడ్డ విప్పి, ఛాతీ మీద చెయ్యి పెట్టి, చెవి పెట్టి విన్నాడు. చీటీలో బరువు చూశాడు. "ఇన్ని రోజులు బిడ్డను ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు.

"ఇంట్లోనే సార్" అన్నాను.

"గుడిసెలో సార్" అంది జయంతి నా వెనక నుంచి.

డాక్టరు మా ఇద్దరినీ చూసి చీటీ మీద ఏదో రాసుకున్నాడు. చలికి ఒళ్లు చల్లబడిపోయింది, నిన్న తెచ్చి ఉంటే చూసేవాళ్లం అన్నాడు. నిన్న అన్నాడు.

బిడ్డ ఎవరి పోలిక అని అడిగావు కదా. ఆ బల్ల మీదే నేను సరిగ్గా చూశాను. ముఖం గంగాధర్‌ది. చెవులు మాత్రం నీవి, పై అంచు కొంచెం ముడుచుకుని.

గంగాధర్ మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి వచ్చి తన చేతులతోనే పూడ్చాడు. నన్ను తిట్టలేదు. "చెప్పినా గదా మామా" అన్నాడు, అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నువ్వు బుధవారం ఫోన్ చేసినప్పుడు డబ్బా పనిచేయడం లేదు, ఇంకో వారం పడుతుందన్నాను. డబ్బా బాగా పనిచేస్తోంది. మేడమ్ నీ పక్కనే నిలబడి గడియారం చూసుకుంటుందని నువ్వే చెప్పావు. ఆమె ముందర ఈ మాట నీకు చెప్పలేకపోయాను. నీకు చెప్పకుండా నన్ను నేను కాపాడుకున్నాననీ అనుకోవచ్చు. నువ్వు ఎట్లా అనుకున్నా సరే.

లింగప్ప మామ ఆ సాయంత్రం వచ్చి దూరంగా కూర్చున్నాడు. నేను బాలింతనూ, బిడ్డనూ తాకాను కాబట్టి మూడు దినాలు బయట ఉండాలన్నాడు. జయంతికి దినాలు మళ్లీ మొదటి నుంచి లెక్కేయాలన్నాడు. ఆయన కూడా ఏడ్చి ఉన్నాడు, కళ్లు తెలుస్తున్నాయి. కానీ చెప్పేది చెప్పాడు. అప్పుడు మా అమ్మ ఇంట్లోంచి గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. లింగప్ప మామ ముందు నుంచే కంచె దాటి గుడిసెలోకి పోయి జయంతి పక్కన చతికిలబడింది.

"ఓబక్కా, ఏం చేస్తాండావు?" అన్నాడు ఆయన.

"నేను ఇద్దర్ని ఈడ్నే పోగొట్టుకుంటిని లింగప్పా. మారెప్ప కంటే ముందు ఇద్దరు. ఎవురన్నా ఒక మాట అడిగినారా నన్ను? పేర్లు కూడా పెట్టనీలేదు" అంది.

నాకు యాభై ఏళ్లు. నాకు ముందు ఇద్దరు ఉన్నారని ఆ దినమే తెలిసింది.

ఆయన కర్ర పట్టుకుని లేచిపోయాడు. అమ్మ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున తల మీద నీళ్లు పోసుకోకుండా ఇంట్లోకి వచ్చి పొయ్యి రాజేసింది. పాల కేంద్రం సంగతి ఇదే. మైల కలిసిందని ఇరవై రెండు ఇళ్లలో పదమూడు ఇళ్లు పాలు పోయడం మానేశాయి. బయమ్మ అత్త మాత్రం మునుపటి కంటే ముందు వచ్చి పోస్తోంది.

నేను వెనక గది కడిగించి, మంచం వేసి, అందరూ చూస్తుండగా కంచె దగ్గరికి పోయి జయంతిని లోపలికి రమ్మన్నాను. మంచి దుప్పటి కూడా పరిచానని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

"బిడ్డను రానీని ఇంట్లోకి నేనొచ్చి ఏం చేసేది నాయనా" అంది. కోపంగా అనలేదు. చలి ఎక్కువగా ఉందన్నట్లు అంది.

ఇప్పటికీ గుడిసెలోనే ఉంది. అమ్మ పగలూ రాత్రీ తోడుంటోంది. గంగాధర్ బెంగళూరులో ఒక గది చూశాడు, సంక్రాంతి ముందరే తీసుకుపోతాడు. పోయే ముందు నీతో మాట్లాడాలని జయంతి అడిగింది. ఈ జాబు నీకు అందేది జనవరి ఒకటి. ఆ పై శుక్రవారం, ఎనిమిదో తేదీ, మన టైము నాలుగు గంటలకు, నువ్వు ఎప్పుడూ పోయే నెట్ సెంటరుకు పో. మాకు కరెంటు పోయే వేళ కాదు అది, అయినా దివాకర్ దగ్గర బ్యాటరీ పెట్టె ఒకటి తెచ్చాను.

"అమ్మకు నువ్వే చెప్పు నాయనా. నా నోటితో చెప్పలేను" అంది జయంతి. అందుకే ఇంత రాశాను. నన్ను ఏమనాలన్నా నాకు జాబు రాయి, చదువుతాను. తిరిగి రానంటే అదీ రాయి. దాని ముందర మాత్రం ఆ దినం నా పేరు ఎత్తొద్దు.

తెరలో నీకు వెనక గది కనపడదు, గుడిసె కనపడుతుంది. జయంతి కొంచెం చిక్కింది. పాలు ఇంకా పడుతున్నాయి, రవిక మీద తువ్వాలు వేసుకుని ఉంటుంది. నువ్వు చూసి ఏమీ అనొద్దు. బిడ్డను చూపించమని అలవాటుగా కూడా నోరు జారొద్దు. అది మాట్లాడకుండా కూర్చుంటే నువ్వూ మాట్లాడకుండా కూర్చో, తెర ముందు నుంచి నువ్వు ముందు లేయొద్దు. నెట్ సెంటరు అతను టైము అయిపోయిందంటే ఇంకో గంట అడుగు.

ఇట్లు,
జయంతి నాయన
మారెప్ప